పూతరేకుల వ్యాసం: రాయడం ఒక పూట, దిద్దడం నాలుగు రోజులు

ఆత్రేయపురం పూతరేకులు అమ్మే మా వెబ్‌సైట్ కోసం ‘రేకు ఎలా తీస్తారు, ఏ రకం కొనాలి’ అని ఒక వ్యాసం రాయాల్సి వచ్చింది. అచ్చేస్తే రెండు పేజీలు. రాయడం ఒక పూటలో అయిపోయింది. దిద్దడానికి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఏ తప్పు ఎక్కడ దొరికిందో, ముందే ఎందుకు కనపడలేదో ఇక్కడ రాస్తున్నాను. తాపేశ్వరం కాజా అమ్మినా, కడియం మొక్కలు అమ్మినా, నరసాపురం లేసు అమ్మినా పని ఇదే. మాటలు మారతాయి, అంతే.

రాయడం గురించి తొందరగా చెప్పేస్తాను. కొనేవాళ్లు వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు ఒక సాయంత్రం వరసగా విని, ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టాను. ‘పెట్టెలో ఎన్నుంటాయండీ?’ ‘హైదరాబాద్ వచ్చేసరికి విరిగిపోవు కదండీ?’ ‘బెల్లంవి ఎన్నాళ్లు నిలవుంటాయి?’ ‘నెయ్యి ఏ నెయ్యి?’ ‘ఉత్త రేకులు విడిగా ఇస్తారా?’ ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా అసలు ప్రశ్నలు ఈ అయిదే. వ్యాసంలో అయిదు భాగాలూ అవే అయ్యాయి. ఫోన్లో ఎలా జవాబు చెప్తామో అలాగే వాయిస్ టైపింగ్‌కి చెప్పేశాను. మాట సహజంగా వస్తుంది, కానీ చుక్కలూ కామాలూ ఉండవు. ‘పూతరేకులు’ అంటే నాలుగుచోట్ల ‘పూత రేఖలు’ అని పడింది. ‘పది పదిహేను రోజులు’ అన్నది ‘1015 రోజులు’ అయింది. అంకె చెప్పాల్సినచోట నోటితో చెప్పడం మానేసి చేత్తో కొట్టడం మేలు.

అలా టైపైంది చదివితే ఒక విచిత్రం కనపడింది. మధ్యలో అంతా మనిషి మాట. మొదటి పేరా, చివరి పేరా మాత్రం దుకాణం బోర్డు! ఆ రెండూ నోటితో చెప్పలేదు, కీబోర్డు మీద ‘బాగా’ రాద్దామని రాసినవి. మొదటి వాక్యం ఇది: ‘మా సంస్థ నందు అత్యున్నత నాణ్యతా ప్రమాణాలతో, సాంప్రదాయబద్ధంగా తయారుచేయబడిన స్వచ్చమైన నేతి పూతరేకులు లభించును.’

ఇందులో అక్షరదోషాలు రెండున్నాయి, వాటి సంగతి తర్వాత. అసలు జబ్బు వేరే. ఈ వాక్యంలో పూతరేకులు తీసేసి ‘ఎరువులు’ పెట్టండి, సరిపోతుంది. ‘ప్లాస్టిక్ కుర్చీలు’ పెట్టండి, అదీ సరిపోతుంది. ఏ సరుక్కైనా అతికే వాక్యం మన సరుకు గురించి ఏమీ చెప్పనట్టే. దాన్ని కొట్టేసి ఇలా మార్చాను: ‘జయ రకం బియ్యం నానబెట్టి, పాలలా పల్చగా రుబ్బుతాం. ఆ పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడికుండ మీద ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. కుండ కింద కొబ్బరాకుల మంట. ఆ రేకుకు గేదె నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, మడతపెడతాం.’ ఇది ఎరువుల కొట్టుకి అతకదు. ‘నందు’, ‘బడిన’, ‘లభించును’ కనపడిన ప్రతిచోటా ఇదే పని చేశాను. ‘అమ్మబడును’ని చెక్క బోర్డు మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది, కాదనను. ఫోన్ తెరమీద చదివేవాడికి మాత్రం ఎవరో ప్రభుత్వ ప్రకటన చదివి వినిపిస్తున్నట్టు ఉంటుంది.

‘గమనించగలరు’ దగ్గర కాసేపు ఆగాను. ‘ఆదివారం సెలవు, గమనించగలరు’ అంటే నిజానికి ‘మీకు గమనించే శక్తి ఉంది’ అని అర్థం. మర్యాద కోసం అందరూ వాడుతున్నారు, వాడుకలో స్థిరపడిపోయిందని వాదించేవాళ్లూ ఉన్నారు. నేను తీసేశాను. ‘ఆదివారం పార్సిళ్లు పంపం’ అంటే చాలు.

ఇక దిద్దుబాటు. మొదటి రోజు చేసిన తప్పేమిటంటే, అన్నీ ఒకేసారి చూడబోవడం. ఒత్తు సరిచేస్తూ ఉంటే అంకె కంటికి ఆనదు. ధర సరిచూస్తూ ఉంటే వాక్యం తెగిపోయిన సంగతి తెలియదు. అందుకే ఒక్కో విడతకు ఒక్కటే పని పెట్టుకున్నాను. అంకెలకు ఒక విడత, హామీలకు ఒకటి, వాక్యాలకు ఒకటి, అక్షరాలకు ఒకటి, చివర ఫోన్ తెర. ఆ వరస కూడా కావాలనే పెట్టింది. వాక్యాలే ఎగిరిపోయేటప్పుడు వాటిలో ఒత్తులు ముందుగా దిద్దుకుంటే ఆ కష్టం వృథా.

అంకెల విడతలో వ్యాసం చదవలేదు. ఎర్ర పెన్నుతో ప్రతి అంకె చుట్టూ సున్నా చుట్టి, పక్కన సరుకు పెట్టె పెట్టుకుని, లేబుల్‌తో ఒక్కోటీ పోల్చాను. లేబుల్‌లో నిల్వ 15 రోజులు, వ్యాసంలో ‘నెల రోజుల వరకు’. చలికాలంలో నెలున్నా పాడవని ఇంట్లో తెలిసిన మాట నోటమ్మట వచ్చేసింది. వానాకాలంలో గాలిలో తేమకి రేకు మెత్తబడిపోతుంది. కొన్నవాడు నమ్మేది పెట్టె మీదున్న మాటనే కాబట్టి వ్యాసం కూడా 15కే దిగింది. ఫుడ్ లైసెన్సు నంబరు 14 అంకెలుండాలి. నేను కొట్టినదాంట్లో 13 ఉన్నాయి. మధ్యలో వరసగా వచ్చిన సున్నాల్లో ఒకటి జారిపోయింది. ఇలాంటి పొడుగు నంబర్లని మొత్తంగా చూస్తే సరిగ్గానే కనపడతాయి. రెండేసి అంకెలుగా విడగొట్టి, వేలుపెట్టి చదివితేనే పట్టుబడతాయి.

‘పెట్టెలో 10 రేకులు’ అన్నది అంకె తప్పు కాదు, మాట తప్పు. ఒక్కో పూతరేకులో రెండు మూడు రేకులు పడతాయి. పైగా ఉత్త రేకులు విడిగా కూడా అమ్ముతాం. మరి 10 రేకులంటే పది పూతరేకులా, నెయ్యీ బెల్లం లేని పది పొరలా? మనకి సందేహం రాదు, ఎందుకంటే పెట్టె మన కళ్లముందే ఉంది. ‘మడిచిన పూతరేకులు 10, మొత్తం బరువు 250 గ్రాములు’ అని రాశాక ఇంకెవరూ అడగడానికి లేదు.

ఊరి పేరు కింద జిల్లా ‘తూర్పు గోదావరి’ అని ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి ఆత్రేయపురం కోనసీమ జిల్లాలో ఉంది. పాత విజిటింగ్ కార్డు చూసి కొట్టిన ఫలితం. రాజమహేంద్రవరం అని రాసినచోట పక్కనే ఒకసారి రాజమండ్రి అని కూడా పెట్టాను. గూగుల్లో వెతికేవాళ్లు అలవాటైన పేరే కొడతారు. ‘ఈ నెలాఖరు వరకు’, ‘వచ్చే సంక్రాంతికి’ లాంటివన్నీ తారీఖులుగా మార్చాను. వ్యాసం ఏ నెలలో ఎవరు తెరుస్తారో తెలియదు కదా.

రెండో విడత హామీలది. దీనికే ఎక్కువ సేపు పట్టింది, పట్టాలి కూడా. ఒత్తు తప్పితే నవ్వుతారు. హామీ తప్పితే సరుకు వెనక్కొస్తుంది, ఒక్కోసారి నోటీసూ వస్తుంది.

‘షుగర్ ఫ్రీ బెల్లం పూతరేకులు’ అని ఒక ఉపశీర్షిక పెట్టాను. పంచదార వెయ్యలేదు కాబట్టి షుగర్ ఫ్రీ అన్నది లెక్క. ఆ లెక్క చెల్లదు. ఆహార భద్రతా సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం, ఘనపదార్థమైతే 100 గ్రాముల్లో చక్కెరలు 0.5 గ్రాముకు మించకపోతేనే ఆ మాట వాడాలి. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, పంచదారలో ఉన్నదీ అదే. దీనికితోడు తెలుగులో ఇంకో చిక్కుంది: మనవాళ్లకి ‘షుగరు’ అంటే సరుకూ అదే, జబ్బూ అదే. ‘మా నాన్నగారికి షుగరండీ’ అనే ఇంట్లో షుగర్ ఫ్రీ అన్న మాటని ‘ఆయన తినొచ్చు’ అనే చదువుకుంటారు. ఉపశీర్షికని ‘బెల్లం పూతరేకులు (పంచదార కలపనివి)’ అని మార్చి, కింద ఇంకో వాక్యం చేర్చాను: ‘బెల్లం కూడా తీపి సరుకే, మధుమేహం ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగి తినండి.’ అమ్మకం తగ్గుతుందేమో అని ఇంట్లో గొణిగారు. గొణగనీ.

‘మా పూతరేకులకు జీఐ గుర్తింపు ఉంది’ అన్నది రెండోది. ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు 2023లో వచ్చింది, అది నిజం. కానీ ఆ గుర్తింపు ఊరి సరుక్కి వచ్చింది, ఒక్కో కొట్టుకి కాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా నమోదైనవాళ్లకే దాన్ని వాడుకునే హక్కు. నమోదు చేతికొచ్చేవరకు మనం రాయగలిగింది ‘ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు లభించింది’ అన్నంతవరకే. ముద్ర బొమ్మ పెట్టకూడదు. 2024లో గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు వాళ్లూ ఇదే జాగ్రత్త పడాలి.

‘వంద శాతం’, ‘ఏకైక’, ‘నంబర్ వన్’ ఎక్కడున్నా ‘ఎవరైనా రుజువడిగితే ఏం చూపిస్తాను?’ అని ప్రశ్న వేసుకున్నాను. చూపించలేనివి పోయాయి. ‘తరతరాలుగా’ ఒకచోట ఉండిపోయింది. అది కూడా ‘మా నాయనమ్మ కాలం నుంచి’ అయ్యాక నాకే ఎక్కువ నచ్చింది.

మూడో విడతకి వ్యాసం ప్రింటు తీసి మా మేనత్త చేతికిచ్చి, గట్టిగా చదవమన్నాను. తెరమీద చదివితే మనం రాసింది కాక, రాద్దామనుకున్నది కనపడుతుంది. ఇంకొకరి గొంతులో వింటే ఆ మోసం సాగదు. ఆవిడ ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కెళ్లి మళ్లీ చదివిందో అక్కడల్లా గీత పెట్టాను. తొమ్మిది గీతలొచ్చాయి. ఆరింటిలో కారణం ఒకటే: నోటితో చెప్పిన వాక్యం కదా, ‘నానబెట్టి, రుబ్బి, వడగట్టి, ముంచి, లాగి, తీసి’ అంటూ క్రియ కోసం గోదారి దాటాల్సి వస్తోంది. మూడో ‘ఇ’ రాగానే వాక్యం ముగించడం నేను పెట్టుకున్న కొలత.

ఒకచోట ఆవిడ ఆగి, ‘ఇదేంట్రా, నెయ్యి లేనివి బెల్లంవా, రెండూనా?’ అంది. వాక్యం ఇది: ‘నెయ్యి లేని బెల్లం, పంచదార పూతరేకులు కూడా దొరుకుతాయి.’ నా ఉద్దేశం రెండు రకాల్లోనూ నెయ్యి లేనివి ఉన్నాయని. చదివితే నెయ్యి లేనివి బెల్లంవి, పంచదారవి మామూలువి అని కూడా వస్తుంది. తెలుగులో విశేషణం ముందొస్తుంది, ఎంతదూరం పాకుతుందో చెప్పదు. ‘బెల్లంవి, పంచదారవి రెండూ నెయ్యి లేకుండా కూడా చేస్తాం’ అని తిప్పితే గొడవ లేదు. ధరల పట్టీలో ఇలాంటి వాక్యం ఒక్కటుంటే చాలు, ఒక్కో ఆర్డరుకి రెండేసి ఫోన్లు.

చదివిపెట్టే మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనే తెలుగు చదివి వినిపించే సదుపాయం ఉంది. మింగేసిన మాట, రెండుసార్లు పడిన మాట, తెగిన వాక్యం దానితో దొరుకుతాయి. ఒత్తులు మాత్రం దానికి అప్పగించకూడదు. మద్య, మధ్య ఆ గొంతులో ఒకేలా వినపడ్డాయి.

దాంతో నాలుగో విడతకొచ్చాం. మన మాటలో ఒత్తక్షరాలు పెద్దగా పలకం. ‘ధర’నీ ‘దర’నీ ఒకేలా అంటాం, ‘నాణ్యత’ నోట్లో ‘నాన్యత’ అవుతుంది. కాబట్టి చెవి ఈ తప్పుల్ని పట్టదు, కన్నే పట్టాలి. కన్ను పట్టాలంటే అర్థంలో కొట్టుకుపోకూడదు. అందుకే చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి, వెనక నుంచి ముందుకి చదివాను. కథ తెగిపోతుంది, అక్షరం కనపడుతుంది.

దొరికినవి చెప్తాను. ‘స్వచ్చమైన’ తప్పు, ‘స్వచ్ఛమైన’ ఒప్పు. ‘పద్దతి’ కాదు, ‘పద్ధతి’. ‘శ్రద్ద’ కాదు, ‘శ్రద్ధ’. ఈ మూడింటికీ సూత్రం ఒకటే: ఒత్తక్షరం జంటగా వస్తే పైన ఒత్తు లేనిది, కింద ఒత్తున్నది. చ కింద ఛ, ద కింద ధ. కొందరు భయపడి రెండింటికీ ఒత్తు పెట్టేస్తారు, అదీ తప్పే. ‘సాంప్రదాయం’ కాదు, ‘సంప్రదాయం’. దీర్ఘం ఇష్టమైతే ‘సాంప్రదాయిక’ అని విశేషణంగా రాసుకోవచ్చు. ‘అర్థ కేజీ’ అంటే అర్థమున్న కేజీ అవుతుంది. సగం అనాలంటే ‘అర్ధ’. నేనైతే ‘అరకేజీ’ అని రాసి ఆ బెడద వదిలించుకున్నాను. ‘భోజనాల మద్య వడ్డించడానికి బాగుంటాయి’ అన్న వాక్యం అన్నిటికన్నా ప్రమాదం. ఒక్క ఒత్తు పోయి, భోజనాల్లోకి మందొచ్చి కూర్చుంది. ‘బల్లెం పూతరేకులు’ అని ఒకచోట పడింది. వేళ్లు తొందరపడి బెల్లాన్ని ఈటె చేసేశాయి. స్పెల్ చెక్ దాన్ని ఎందుకు పట్టుకుంటుంది? బల్లెం కూడా నికార్సైన తెలుగు మాటే.

స్పెల్ చెక్ సంగతి వచ్చింది కాబట్టి: తెలుగులో విభక్తులూ సంధులూ మాటకి అతుక్కుంటాయి. ‘పూతరేకులవాళ్లకైతే’ లాంటిదేదీ దాని పట్టీలో ఉండదు. పేజీ నిండా ఎర్రగీతలు వస్తాయి, రెండో రోజుకి వాటిని చూడడమే మానేస్తాం. అనుమానమున్న మాటని ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లోని నిఘంటు శోధనలో కొట్టి చూసుకోవడం నయం.

కంటికి అసలే కనపడని తప్పు ఒకటి ఇంకా ఉంది. తెలుగు సున్నా అంకె (౦), మాట చివరొచ్చే నిండుసున్న (ం) చూడ్డానికి దాదాపు ఒకటే. పాత టైపింగ్ పద్ధతుల్లోంచి వచ్చిన మాటర్‌లో ‘బెల్ల౦’ అని అంకె సున్నాతో ఉంటుంది. చదవడానికి ఇబ్బంది ఉండదు. కానీ ‘బెల్లం’ అని వెతికితే ఆ మాట దొరకదు, గూగుల్లోనూ దెబ్బే. వెతుకుడు పెట్టెలో ఒక్క ౦ మాత్రం వేసి చూస్తే ఎన్ని ఉన్నాయో బయటపడుతుంది. మా లేబుల్ మాటర్ డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్లలో వచ్చింది. దాన్ని అలాగే అతికిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనపడుతుంది. యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ వెబ్‌సైట్లూ చదవగలిగే తెలుగులోకి మార్చాక కూడా ‘క్ష’నీ, ర ఒత్తునీ ప్రత్యేకంగా చూసుకోవాలి. మార్పిడిలో ముందు చెడేవి అవే.

ఒకే వస్తువుకి ఒకే మాట ఉండేలా ఒక చీటీ రాసుకున్నాను. కేజీ, కిలో రెండూ వద్దు: కేజీ. ప్యాకెట్, పేకెట్, పెట్టె, డబ్బా నాలుగూ వద్దు: డబ్బా. వాట్సప్ కాదు, వాట్సాప్. ఆ చీటీ పట్టుకుని, కష్టమెందుకని ‘అన్నీ మార్చు’ నొక్కాను. ‘కిలో’ అన్నీ ‘కేజీ’ అయ్యాయి. రావులపాలెం నుంచి దారి చెప్పినచోట ‘కేజీమీటర్లు’ వచ్చింది. ‘పెట్టె’ అన్నీ ‘డబ్బా’ అయ్యాయి. ‘ఫ్రిజ్‌లో పెట్టెయ్యకండి’ కాస్తా ‘ఫ్రిజ్‌లో డబ్బాయ్యకండి’ అయి కూర్చుంది. తెలుగులో ఒక మాట ఇంకో మాట కడుపులో ఉండడం మామూలే. ఒక్కోటీ చూసి, నొక్కి, ముందుకెళ్లాలి. ఇరవై నిమిషాలు పడుతుంది, పట్టనివ్వాలి.

చివరి విడత ఫోన్ మీద. కొనేవాళ్లలో ఎక్కువమంది అక్కడే చదువుతారు. కంప్యూటర్లో నాలుగు వరసలున్న పేరా ఫోన్‌లో పన్నెండు వరసల గోడ అవుతుంది. అలాంటివి మూడు విడగొట్టాను. ధరల పట్టీ పక్కకి జారిపోయి ఆఖరి గడి, అంటే ధర ఉన్న గడే, కనపడలేదు. పట్టీ తీసేసి ఒక్కో రకాన్ని ఒక్కో వరసలో రాశాను. ఫోన్ నంబరుని చూసి సరిచూడలేదు, దానిమీద వేలు పెట్టి నొక్కాను. మా ఫోనే మోగాలి, మోగింది. వాట్సాప్ లింకు మాత్రం పాత నంబరుకి వెళ్లింది. పైకి కనపడే నంబరు మార్చాను కానీ లోపలి లింకు మార్చలేదు. కంటితో వందసార్లు చదివినా ఇది దొరకదు.

పేజీ పెట్టేశాక కూడా రెండు తప్పులు దొరికాయి. ఒకటి ‘రుచీకరమైన’లో అక్కర్లేని దీర్ఘం. రెండోది ఫొటో కింద మాట: బొమ్మలో జీడిపప్పు కనపడుతోంది, కింద ‘మామూలు పూతరేకులు’ అని ఉంది. అన్ని విడతల్లోనూ ఫొటోల కింద మాటలు ఒక్కసారి కూడా చదవలేదని అప్పుడు తెలిసింది. చీటీలో ఆ వరస చేర్చాను. డిసెంబరు మొదటివారంలో సంక్రాంతి ఆర్డర్లు మొదలయ్యేలోపు పేజీ మళ్లీ తెరిచి ధరలు, కొరియర్ పట్టే రోజులు, నంబర్లు, ఫొటోల కింద మాటలు, ఈ నాలుగే చూస్తాను. మిగతాది కదపను. కదిపితే మళ్లీ మొదటి విడత నుంచి రావాలి.